ఫార్ములా కంటే ముందు గిన్నెలో ఏముందో రాయండి: రసాయనశాస్త్రపు లెక్కలు చేసే పద్ధతి

హనుమకొండలో ఇంటర్ విద్యార్థులకు కెమిస్ట్రీ ట్యూషన్ చెప్పే నేను, ఆమ్లాలు, క్షారాల పాఠం మొదలుపెట్టే రోజున ప్రతి సంవత్సరం ఒకే లెక్క ఇస్తాను. 0.2 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 100 మిల్లీలీటర్లకు 0.2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 75 మిల్లీలీటర్లు కలిపితే వచ్చే ద్రావణం పీహెచ్ ఎంత? (మోలార్ అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లు ఉన్నాయన్న కొలత, పీహెచ్ అంటే ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె.) పరకాల, నర్సంపేట, జమ్మికుంట నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే పిల్లల్లో చాలామంది అర నిమిషంలో 4.74 అని చెప్పేస్తారు. బఫర్ అంటే ఆమ్లమో క్షారమో కొంచెం పడినా పీహెచ్‌ను పెద్దగా మారనివ్వని ద్రావణం; దాని ఫార్ములా, అంటే పీకేఏకు ఎసిటేట్, ఆమ్లాల నిష్పత్తి లాగ్‌ను కలపడం, వాళ్లకు కంఠస్థమే. లాగ్ పక్కన 0.2 పెట్టి, దాని కింద మరో 0.2 పెడతారు. నిష్పత్తి 1 కాబట్టి లాగ్ సున్నా, ఇక మిగిలేది పీకేఏ (ఆమ్లం బలాన్ని చెప్పే స్థిరమైన అంకె) విలువ 4.74. ఆ జవాబు తప్పు, రావలసింది 5.22. విచిత్రమేమిటంటే, ప్రశ్నలో 75కు బదులు 50 అని ఇచ్చి ఉంటే అదే తప్పుడు పద్ధతిలో సరైన జవాబు వచ్చి ఉండేది. తనకు పాఠం వచ్చేసిందన్న ధీమాతో విద్యార్థి పేజీ తిప్పేసేవాడు.

ఇక్కడ ఫార్ములా తప్పు ఏమీ లేదు. అందులో పెట్టిన 0.2 అన్న అంకెలు కలపకముందు సీసాల మీద రాసి ఉన్నవి, కలిపాక గిన్నెలో ఉన్నవి కావు. ప్రాథమిక స్థాయి రసాయనశాస్త్రంలో పిల్లలు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క చోటే పుడతాయని నా అనుభవం. అందుకే పదార్థాల లెక్కయినా, చర్యల లెక్కయినా, బఫర్ లెక్కయినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు గిన్నెలో ఏముంది? దానికి జవాబు మూడు వరుసల్లో రాయిస్తాను. పై వరుసలో చర్యకు ముందు ఏవి ఎన్ని మోల్‌లు ఉన్నాయో, మధ్య వరుసలో చర్యలో ఎంత ఖర్చయిందో, ఎంత పుట్టిందో, కింది వరుసలో చివరికి ఏమి మిగిలిందో ఉండాలి. కింది వరుస పూర్తయ్యేదాకా ఏ ఫార్ములానూ ముట్టుకోకూడదు.

పేరు చదివేటప్పుడే

ప్రశ్నలో ఒక పదార్థం పేరు కనిపించగానే, నీళ్లలో వేస్తే అది ఏ రూపంలో ఉంటుందో ఆలోచించాలి. సోడియం క్లోరైడ్ వంటి లవణాలు కరిగితే పూర్తిగా అయాన్లుగా విడిపోతాయి. హైడ్రోక్లోరిక్, హైడ్రోబ్రోమిక్, హైడ్రోఅయోడిక్, నైట్రిక్, పెర్‌క్లోరిక్ ఆమ్లాలూ, మొదటి ప్రోటాన్ వరకు సల్ఫ్యూరిక్ ఆమ్లమూ అలాగే విడిపోతాయి. ఈ ఆరింటిని గుర్తుంచుకుంటే ఈ స్థాయిలో ఎదురయ్యే మిగతా ఆమ్లాలను దాదాపు అన్నింటినీ బలహీన ఆమ్లాలుగా తీసుకోవచ్చు. సోడియం, పొటాషియం వంటి క్షారలోహాల హైడ్రాక్సైడ్లు, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం హైడ్రాక్సైడ్లు బలమైన క్షారాలు, అమోనియా బలహీనమైనది. ఈ పాఠంలో బట్టీ పట్టవలసింది నిజానికి ఇంతే.

పేరులో దాగి ఉండే మరో సంగతి నీటి అణువులది. తోటల్లో బోర్డో మిశ్రమం చేసుకోవడానికి రైతులు కొనే నీలిరంగు మైలుతుత్తంలో ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు 5 నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. నీళ్లు లేని కాపర్ సల్ఫేట్ మోలార్ ద్రవ్యరాశి (ఒక మోల్ బరువు) 159.5 గ్రాములైతే, ఆ నీళ్లతో కలిపి 249.5 గ్రాములు. 0.2 మోలార్ ద్రావణం 500 మిల్లీలీటర్లు చేయాలంటే 0.1 మోల్ కావాలి, అంటే మైలుతుత్తం 24.95 గ్రాములు తూయాలి. నీటిని మరిచి 15.95 గ్రాములే తూచితే తయారయ్యే ద్రావణం గాఢత 0.2 కాదు, సుమారు 0.128 మోలార్. ల్యాబులో నీలిరంగు స్ఫటికాలను కళ్లెదుట పెట్టుకుని కూడా 159.5 వాడేవాళ్లను చాలామందిని చూశాను. తెల్లగా ఉంటే 159.5, నీలంగా ఉంటే 249.5 అన్నది ఇక్కడికి సరిపోయే గుర్తు.

మోల్ అంటే లెక్క, తూకం కాదు

భూపాలపల్లి, ములుగు వైపు తునికాకు కల్లాల్లో ఆకును తూకం వేసి కొనరు, కట్టలు లెక్కపెట్టి కొంటారు. కట్టకు 50 ఆకులు. ఆకులు పెద్దవైనా చిన్నవైనా, పచ్చివైనా ఎండినవైనా కట్టలో సంఖ్య మాత్రం అంతే ఉంటుంది. మారేది కట్ట బరువే. మోల్ కూడా అటువంటి కట్టే. అందులో 6.022 × 10²³ కణాలుంటాయి, పదార్థాన్ని బట్టి దాని బరువు మారుతుంది. అణువులు ఒకదానితో ఒకటి చర్య జరిపేది సంఖ్యలో కాబట్టి, లెక్కలో గ్రాములు కనిపించగానే మోలార్ ద్రవ్యరాశితో భాగించాలి. ద్రావణం కనిపిస్తే మోలారిటీని లీటర్లతో గుణించాలి. ఘనపరిమాణాన్ని మిల్లీలీటర్లలోనే ఉంచి గుణిస్తే వచ్చేది మిల్లీమోల్. టైట్రేషన్ (ఒక ద్రావణంలో మరోదాన్ని కొలిచి పోస్తూ చర్య పూర్తయ్యే చోటు పట్టుకోవడం), బఫర్ లెక్కలకు ఇదే సుఖం, దశాంశ స్థానాల గొడవ ఉండదు.

పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో సిమెంటు తయారీకి వాడే సున్నపురాయిని తీసుకుందాం. 80 శాతం శుద్ధమైన సున్నపురాయి 250 గ్రాములను పూర్తిగా కాల్చితే ఎన్ని గ్రాముల ఘనపదార్థం మిగులుతుంది? అశుద్ధాలు మారవని అనుకోవాలి. 250లో 80 శాతం అంటే 200 గ్రాముల కాల్షియం కార్బొనేట్, 100తో భాగిస్తే 2 మోల్‌లు. ఒక మోల్ కార్బొనేట్ నుంచి ఒక మోల్ కాల్షియం ఆక్సైడ్, ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. 2 మోల్‌ల కాల్షియం ఆక్సైడ్ 112 గ్రాములు. ఇక్కడే చాలామంది కలం కింద పెట్టేస్తారు. కానీ ప్రశ్న అడిగింది సున్నం ఎంత అని కాదు, బట్టీలో ఘనపదార్థం ఎంత మిగిలిందని. మారకుండా ఉండిపోయిన 50 గ్రాముల మట్టి, ఇసుక కూడా అక్కడే ఉన్నాయి కాబట్టి జవాబు 162 గ్రాములు. సరిచూసుకోవడం సులువు: బయటికి పోయింది 2 మోల్‌ల కార్బన్ డయాక్సైడ్, అంటే 88 గ్రాములు, 250లో 88 తీసేస్తే 162. ఎప్‌సెట్ వంటి పరీక్షల్లో ఇలాంటి ప్రశ్న వస్తే నాలుగు ఆప్షన్లలో 112 తప్పకుండా ఉంటుందనుకోండి. తప్పు ఆప్షన్లను తయారుచేసేది విద్యార్థులు మామూలుగా చేసే తప్పుల నుంచే.

సమీకరణాన్ని తుల్యం చేయడం

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇది చేతికి అలవాటయ్యే పని. వంటగ్యాసులో ఉండే బ్యూటేన్ అణువులో 4 కార్బన్లు, 10 హైడ్రోజన్లు ఉంటాయి. కార్బన్‌తో మొదలుపెట్టి 4 కార్బన్ డయాక్సైడ్‌లు, తర్వాత హైడ్రోజన్‌కు 5 నీటి అణువులు రాసుకోవాలి. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్ పరమాణువులు 8, 5 కలిపి 13 కాబట్టి ఎడమవైపు ఆరున్నర ఆక్సిజన్ అణువులు కావాలి. అరను చూసి భయపడి మళ్లీ మొదటికి రానవసరం లేదు. చివరలో అన్నింటినీ రెండుతో గుణిస్తే 2 బ్యూటేన్, 13 ఆక్సిజన్, 8 కార్బన్ డయాక్సైడ్, 10 నీరు. ఒంటరిగా ఉండే మూలకాన్ని, ఇక్కడ ఆక్సిజన్‌ను, చివరికి వదిలిపెట్టడమే కిటుకు. తుల్యం చేయడానికి అణుసూత్రం కింది చిన్న అంకెలను మార్చకూడదన్నది తెలిసిందే అయినా, తొందరలో నీటిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చేసిన జవాబు పత్రాలు ఇప్పటికీ నా చేతికి వస్తుంటాయి.

ఏది ముందుగా అయిపోతుంది

రామగుండంలో పాత బొగ్గు ఆధారిత ఎరువుల కర్మాగారం మూతపడిన చోట, సహజ వాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమోనియా, 3,850 టన్నుల యూరియా. ఈ రెండు అంకెలూ ఎవరో తోచినట్టు వేసినవి కావని మన పాఠంతోనే తేల్చుకోవచ్చు. 2 అమోనియా అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు కలిసి ఒక యూరియా అణువు, ఒక నీటి అణువు ఏర్పడతాయి. 2 మోల్‌ల అమోనియా 34 గ్రాములు, ఒక మోల్ యూరియా 60 గ్రాములు. కాబట్టి 3,850 టన్నుల యూరియాకు కావలసిన అమోనియా 3,850ను 34తో గుణించి 60తో భాగించినంత, అంటే సుమారు 2,182 టన్నులు. అమోనియా విభాగాన్ని 2,200 టన్నులకు ఎందుకు కట్టారో తెలిసిపోయింది. నిష్పత్తి లెక్కకు గ్రామైనా టన్నైనా ఒకటేనని కూడా ఇక్కడ గమనించాలి. యూరియా బస్తా మీద 46 శాతం నత్రజని అని ఉండేదీ ఇదే లెక్క: 60లో 28 భాగాలు నైట్రోజన్, అంటే 46.67 శాతం. 45 కిలోల బస్తాలో నత్రజని, 46 శాతం చొప్పున, 20.7 కిలోలు.

ఇప్పుడు అదే చర్యను చిన్న గిన్నెలో చూద్దాం. 51 గ్రాముల అమోనియా, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఇచ్చారు, చర్య పూర్తిగా జరుగుతుందనుకుంటే ఎంత యూరియా వస్తుంది? అమోనియా 3 మోల్‌లు, కార్బన్ డయాక్సైడ్ 2 మోల్‌లు. మోల్‌లు తక్కువ ఉన్నదే ముందు అయిపోతుందని అనుకునేవాళ్లు కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని 2 మోల్‌లు, 120 గ్రాములు అంటారు. అయితే ఆ 2 మోల్‌లకు 4 మోల్‌ల అమోనియా కావాలి, ఉన్నది 3 మాత్రమే. సంఖ్యలో ఎక్కువున్నా ముందు అయిపోయేది అమోనియానే. క్లాసులో లిమిటింగ్ రియేజెంట్ అని పిలిచేది దీన్నే. ఒక్కోదాని మోల్‌లను సమీకరణంలో దాని ముందున్న గుణకంతో భాగించి, ఏది తక్కువ వస్తే దాన్ని తీసుకోవాలి. అమోనియాకు 3ను 2తో భాగిస్తే 1.5, కార్బన్ డయాక్సైడ్‌కు 2ను 1తో భాగిస్తే 2. కాబట్టి చర్య 1.5 మోల్‌ల మేరకే నడుస్తుంది.

కింది వరుస పూర్తిగా రాయండి. అమోనియా సున్నా, కార్బన్ డయాక్సైడ్ అర మోల్ అంటే 22 గ్రాములు, యూరియా 1.5 మోల్‌లు అంటే 90 గ్రాములు, నీరు 1.5 మోల్‌లు అంటే 27 గ్రాములు. మొత్తం 139. మొదట వేసినది 51, 88 కలిపి 139. ఈ కూడిక చేయడానికి పది సెకన్లు పడుతుంది, తప్పు జరిగితే అక్కడే బయటపడుతుంది. అడిగింది యూరియా ఒక్కటే కదా, మిగతావి ఎందుకు రాయాలని పిల్లలు విసుక్కుంటారు. మిగిలినదాన్ని రాసే ఈ అలవాటు లేకపోతే బఫర్ పాఠం దగ్గర బండి ముందుకు కదలదు.

ఆమ్లం బలం వేరు, గాఢత వేరు

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది; పెళ్లికూతురి పాదాలకు పెట్టేది అదే. క్షారాన్ని గుర్తించడానికి మన ఇళ్లలో ఉన్న సూచిక పసుపే. కానీ అది ఆమ్లంలోనూ పచ్చగానే ఉంటుంది, మంచినీళ్లలోనూ పచ్చగానే ఉంటుంది కాబట్టి, పసుపు రంగు మారలేదంటే అది ఆమ్లమేనని తేల్చకూడదు. క్షారం కాదని మాత్రమే చెప్పగలం. పదో తరగతి ప్రశ్నపత్రాల్లో ఈ మెలిక చాలాసార్లు ఉంటుంది.

పీహెచ్ అంటే హైడ్రోజన్ అయాన్ గాఢతకు రుణ లాగ్. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎంజైముల మీద పని చేస్తున్న సోరెన్‌సెన్, ప్రతిసారీ అన్నేసి సున్నాలు రాసే బాధ తప్పించుకోవడానికి ఈ కొలతను ప్రవేశపెట్టాడు. బలమైన ఆమ్లానికి లెక్క ఒక్క అడుగే: 0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 2. బలహీన ఆమ్లంలో మాత్రం అణువుల్లో చాలా భాగం విడిపోకుండా ఉంటాయి. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లానికి అయనీకరణ స్థిరాంకం (ఏ మేరకు విడిపోతుందో చెప్పే అంకె; దీని రుణ లాగే పీకేఏ) 1.8 × 10⁻⁵ను గాఢతతో గుణించి వర్గమూలం తీస్తే హైడ్రోజన్ అయాన్ గాఢత 1.34 × 10⁻³, పీహెచ్ 2.87 వస్తుంది. ఈ దగ్గరిదారి ఎప్పుడు చెల్లుతుందో కూడా చూడాలి. విడిపోయిన భాగం 0.1లో 1.34 శాతమే కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. అది 5 శాతం దాటితే వర్గ సమీకరణాన్ని సాధించక తప్పదు.

ఇప్పుడు 0.001 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పక్కన పెట్టండి. దాని పీహెచ్ 3. అంటే 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం దానికంటే కొంచెం ఎక్కువ ఆమ్లత్వం చూపిస్తోంది, అయినా బలమైన ఆమ్లం హైడ్రోక్లోరిక్కే. బలమంటే ఎంత శాతం విడిపోతుందన్నది, గాఢతంటే లీటరులో ఎంత వేశామన్నది. రెండింటిలోనూ 10 మిల్లీలీటర్ల చొప్పున తీసుకుని 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థీకరిస్తే, పీహెచ్ దాదాపు ఒకటే అయినా, ఎసిటిక్ ఆమ్లానికి 10 మిల్లీలీటర్లు, హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి 0.1 మిల్లీలీటర్ మాత్రమే పడుతుంది. క్షారానికి కావలసింది అణువుల మొత్తం సంఖ్య. ఆ క్షణంలో విడిపోయి ఉన్నవెన్ని అన్నది దానికి పట్టదు, ఎందుకంటే ఉన్నవి ఖర్చవుతున్న కొద్దీ మిగతావీ విడిపోతూనే ఉంటాయి. పిల్లలు ఈ ఒక్క పోలికను అర్థం చేసుకోవడానికి నేను ఒక గంట కేటాయిస్తాను, అది వృథా పోదు.

ఒక చిన్న ఉచ్చు కూడా చెప్పాలి. 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 8 అని రాస్తే ఆమ్లం క్షారమైపోయినట్టే. అంత పలుచనైనప్పుడు నీరు తానుగా ఇచ్చే అయాన్లనూ లెక్కలోకి తీసుకోవాలి. సరిగ్గా చేస్తే 6.98 వస్తుంది.

ఒకే టైట్రేషన్, నాలుగు మజిలీలు

మొదట ఇచ్చిన ప్రశ్నకే తిరిగి వద్దాం. కోనికల్ ఫ్లాస్కులో 0.2 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 100 మిల్లీలీటర్లు ఉంది, అంటే 20 మిల్లీమోల్‌లు. బ్యూరెట్‌లో 0.2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్. హైడ్రాక్సైడ్ అయాన్ బలమైన క్షారం కాబట్టి, ఎసిటిక్ ఆమ్లం ఎంత బలహీనమైనదైనా, పడిన ప్రతి చుక్కా దానితో పూర్తిగా చర్య జరిపి ఎసిటేట్‌గా మారుస్తుంది. ఇది సమతాస్థితి లెక్క కాదు, రామగుండం యూరియా లెక్క లాంటిదే: ఏది ముందు అయిపోతుంది, ఏది మిగులుతుంది.

50 మిల్లీలీటర్లు పోసినప్పుడు పడిన క్షారం 10 మిల్లీమోల్‌లు. కింది వరుసలో క్షారం సున్నా, ఆమ్లం 10, ఎసిటేట్ 10. బలహీన ఆమ్లం, దాని సంయుగ్మ క్షారం (ప్రోటాన్ పోయాక మిగిలే జంట, ఇక్కడ ఎసిటేట్) రెండూ తగినంతగా ఉన్నాయి కాబట్టి ఇది బఫర్. పీకేఏకు, ఎసిటేట్‌ను ఆమ్లంతో భాగించగా వచ్చిన నిష్పత్తి లాగ్‌ను కలిపితే పీహెచ్ వస్తుంది. నిష్పత్తి 1, పీహెచ్ 4.74. రెండూ ఒకే గిన్నెలో, ఒకే ఘనపరిమాణంలో ఉన్నాయి కాబట్టి గాఢతలుగా మార్చే పని కూడా లేదు, మిల్లీమోల్‌లనే పెట్టవచ్చు. బఫర్‌లో ఇంకొంచెం నీళ్లు పోసినా పీహెచ్ ఇంచుమించు మారకపోవడానికి కారణం కూడా ఇదే.

75 మిల్లీలీటర్లు పోసేసరికి క్షారం 15 మిల్లీమోల్‌లు. మిగిలిన ఆమ్లం 5, పుట్టిన ఎసిటేట్ 15. నిష్పత్తి 3, దాని లాగ్ 0.48, పీహెచ్ 5.22. మొదటి రోజు పిల్లలు తప్పిన జవాబు ఇదే.

100 మిల్లీలీటర్ల దగ్గర ఆమ్లం, క్షారం రెండూ సున్నా, ఎసిటేట్ 20. ఇక్కడ బఫర్ ఫార్ములా వాడాలని చూస్తే హారంలో సున్నా వస్తుంది. లెక్క మనల్ని గట్టిగానే హెచ్చరిస్తోందన్నమాట. గిన్నెలో ఉన్నది కేవలం సోడియం ఎసిటేట్ ద్రావణం, 20 మిల్లీమోల్‌లు 200 మిల్లీలీటర్లలో, అంటే 0.1 మోలార్. ఎసిటేట్ ఒక బలహీన క్షారం. దాని స్థిరాంకం 10⁻¹⁴ను 1.8 × 10⁻⁵తో భాగిస్తే వచ్చే 5.56 × 10⁻¹⁰. గాఢతతో గుణించి వర్గమూలం తీస్తే హైడ్రాక్సైడ్ అయాన్ గాఢత 7.45 × 10⁻⁶, పీఓహెచ్ (హైడ్రాక్సైడ్ అయాన్ గాఢతకు రుణ లాగ్) 5.13, దాన్ని 14లోంచి తీసేస్తే పీహెచ్ 8.87. తటస్థీకరణ పూర్తయింది కాబట్టి పీహెచ్ 7 ఉండాలని అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు. ఈ టైట్రేషన్‌కు సుమారు 8.2 దగ్గర రంగు మొదలయ్యే ఫినాఫ్తలీన్‌ను ఎందుకు ఎంచుకుంటామో, 4.4 లోపే రంగు మారిపోయే మిథైల్ ఆరెంజ్ ఎందుకు పనికిరాదో ఈ 8.87 చెబుతుంది. మొదటి మజిలీలో పీహెచ్ 4.74 అని చూశాం కదా. సగం ఆమ్లం ఇంకా మిగిలి ఉండగానే మిథైల్ ఆరెంజ్ పని ముగించుకుని కూర్చుంటుంది.

120 మిల్లీలీటర్లకు వచ్చేసరికి క్షారమే 4 మిల్లీమోల్‌లు మిగిలిపోతుంది. మొత్తం 220 మిల్లీలీటర్లు. గాఢత 0.0182 మోలార్, పీఓహెచ్ 1.74, పీహెచ్ 12.26. ఎసిటేట్ కూడా ఉన్నా, బలమైన క్షారం పక్కన దాని మాట ఎవరికీ వినిపించదు.

ఒకే గిన్నె, అవే రెండు ద్రావణాలు. అయినా వాడవలసిన లెక్క మూడు రకాలుగా మారింది. ఏ లెక్క వాడాలో చెప్పింది ప్రశ్నలోని మాటలు కాదు, కింది వరుస. బలమైనది మిగిలితే దాన్నే చూడాలి. బలహీనమైనదీ దాని జంటా మిగిలితే బఫర్. జంట ఒక్కటే మిగిలితే జలవిశ్లేషణ, అంటే 100 మిల్లీలీటర్ల దగ్గర చేసినట్టు, ఆ జంట నీటితో జరిపే చర్య లెక్క.

బఫర్‌కు ఆమ్లం పోస్తే

ఒక లీటరు బఫర్‌లో ఎసిటిక్ ఆమ్లం, ఎసిటేట్ 0.1 మోల్ చొప్పున ఉన్నాయి. దానికి 0.01 మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే, అది ఎసిటేట్‌ను తినేస్తుంది. ఎసిటేట్ 0.09కి తగ్గుతుంది, ఆమ్లం 0.11కి పెరుగుతుంది. లాగ్ విలువ మైనస్ 0.09, పీహెచ్ 4.65. అంతే ఆమ్లం ఒక లీటరు మంచినీళ్లలో వేస్తే పీహెచ్ 7 నుంచి 2కు పడిపోయేది. అయితే బఫర్‌కూ ఒక హద్దు ఉంది: వేసిన ఆమ్లం 0.1 మోల్ దాటితే ఎసిటేట్ అంతా అయిపోయి, ఆపైన పడేదంతా నేరుగా పీహెచ్ మీద పడుతుంది. నిష్పత్తి పదింట ఒకటి నుంచి పది వరకు, అంటే పీహెచ్ విలువ పీకేఏకు అటూ ఇటూ 1 లోపల ఉన్నంతసేపే బఫర్ బాగా పనిచేస్తుందన్నది లెక్కకు పనికొచ్చే కొలత.

ఈ కొలతకు ఎదురు తిరిగినట్టు కనిపించేది మన రక్తం. అందులో బైకార్బొనేట్ లీటరుకు సుమారు 24 మిల్లీమోల్‌లు, కరిగిన కార్బన్ డయాక్సైడ్ 1.2 మిల్లీమోల్‌లు. నిష్పత్తి 20, లాగ్ 1.3, పీకేఏ 6.1, కలిపితే 7.4. నిష్పత్తి పది దాటినా రక్తంలో ఈ బఫర్ చక్కగా నిలబడటానికి కారణం గిన్నె మూత తెరిచి ఉండటమే. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపుతూ, మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను సరిచేస్తూ ఉంటాయి కాబట్టి కింది వరుస ఎప్పటికప్పుడు దిద్దుబాటు అవుతుంది. అమెరికా శాస్త్రవేత్త హెండర్సన్ 1908లో ఈ బఫర్ ఫార్ములాకు మూలమైన తన సమీకరణాన్ని రాసినప్పుడు అతని దృష్టి ఉన్నది ఈ రక్తం బఫర్ మీదే. దాన్ని లాగ్ రూపంలోకి తెచ్చినవాడు డెన్మార్క్ వైద్యుడు హాసెల్‌బాల్క్.

ల్యాబులో నేను చేసిన తప్పు

నేను ఇంటర్ చదివినప్పుడు ప్రాక్టికల్ పరీక్షలో శుభ్రత ఎక్కువై ఒక పొరపాటు చేశాను. బ్యూరెట్‌ను క్షార ద్రావణంతో, పిపెట్‌ను ఆమ్లంతో కడగడం పద్ధతి కాబట్టి, అదే వరుసలో కోనికల్ ఫ్లాస్కును కూడా ఆమ్లంతో కడిగాను. రీడింగులు 20.6, 21.1, 20.8 వచ్చాయి, రెండు కూడా కలవలేదు. ఫ్లాస్కు గోడలకు అంటుకున్న ఆమ్లం, పిపెట్‌తో కొలిచి పోసిన 20 మిల్లీలీటర్లకు అదనంగా చేరింది. అది ఒక్కోసారి ఒక్కో పరిమాణంలో ఉంది. పిపెట్, బ్యూరెట్ కొలిచేది ఘనపరిమాణాన్ని, కాబట్టి లోపల గాఢత మారకూడదు, అందుకే వాటిని ఆయా ద్రావణంతోనే కడగాలి. ఫ్లాస్కులో ముఖ్యమైనది మోల్‌ల సంఖ్య. దాన్ని నీళ్లతోనే కడగాలి, కొంచెం తడి మిగిలినా ఏమీ కాదు, ఎందుకంటే నీరు మోల్‌లను పెంచదు, తగ్గించదు.

ఇక మీరే చేసి చూసుకోవడానికి ఒక లెక్క. 0.1 మోలార్ అమోనియా 50 మిల్లీలీటర్లకు 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 30 మిల్లీలీటర్లు కలిపారు. అమోనియా పీకేబీ (క్షారాలకు పీకేఏ లాంటిది) 4.74, ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్. పీహెచ్ 9.08 రావాలి. మీకు 9.26 వస్తే సీసాల మీది గాఢతలనే ఫార్ములాలో పెట్టారు. 9.44 వస్తే అమోనియా, అమోనియం స్థానాలు తారుమారయ్యాయి. 4.92 వస్తే మీరు కనుక్కున్నది పీఓహెచ్, ఇంకా 14లోంచి తీసివేయాలి. 1కి దగ్గరగా ఏదైనా వస్తే, హైడ్రోక్లోరిక్ ఆమ్లం అమోనియాను కలవనే లేదన్నట్టు లెక్క వేశారు; మూడు వరుసలూ మళ్లీ గీయండి.